తొలి దుప్పి: ఒకరికి జ్ఞాపకం, ఒకరికి నేరం

వేటగాళ్ళ జ్ఞాపకాలకు మన సాహిత్య చరిత్రలో చోటెక్కడ ఉందని వెతికితే ముందుగా చేతికి దొరికేవి దొరలు రాసుకున్న ఇంగ్లీషు పుస్తకాలే. సైన్యంలోనూ, అటవీ శాఖలోనూ, ఏనుగులు పట్టే ఖెడ్డాలలోనూ ఉద్యోగాలు చేసినవాళ్ళు పందొమ్మిదో శతాబ్దం పొడుగునా ఇలాంటి పుస్తకాలు రాశారు. వాల్టర్ కాంప్‌బెల్ ‘మై ఇండియన్ జర్నల్’ 1864లోనూ, జేమ్స్ ఫోర్సిత్ ‘ది హైలాండ్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ 1871లోనూ, శాండర్సన్ ‘థర్టీన్ ఇయర్స్ అమాంగ్ ది వైల్డ్ బీస్ట్స్ ఆఫ్ ఇండియా’ 1878లోనూ అచ్చయ్యాయి. వాటి వెనుక ఇంకా ఎన్నో ఉన్నాయి. ఈ పుస్తకాలలో అడవి మనుషులు ఎక్కడ నిలబడి ఉంటారో చూడాలని కొన్నేళ్ళపాటు వీటిని చదివాను.

ఈ జాతి రచనల్లో తొలి వేట జ్ఞాపకానికి ఒక స్థిరమైన అచ్చు ఉంది. యువకుడైన అధికారి కొత్తగా దేశానికి వస్తాడు. చేతిలో లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో తయారైన తుపాకీ. తెల్లవారకముందే గుడారం వదిలి బయలుదేరతాడు. ముందు ఒక ‘షికారీ’ నడుస్తుంటాడు. అతడు గిట్టల జాడ పడతాడు, గాలి ఎటు వీస్తున్నదో చూస్తాడు, పొదల సందున వేలు పెట్టి చూపిస్తాడు. అధికారి గురి చూసి కాలుస్తాడు. ఆ తర్వాత దూరం ఎన్ని గజాలు, కొమ్ములు ఎన్ని అంగుళాలు, గుండు ఎక్కడ తగిలింది అన్న లెక్క. జాడ పట్టినవాడు ఆ పేజీ దాటేసరికి మాయమవుతాడు. అతనికి పేరుంటే అదృష్టమే. జంతువును కనిపెట్టిన విద్య అతనిది, చంపిన ఘనత మాత్రం దొరది. ఆ దుప్పి ఒక లెక్కల పట్టికలో ఒకటో అంకె. దాని తర్వాత రెండోదీ, యాభయ్యోదీ వస్తాయి కాబట్టే మొదటిదానికి అక్కడ విలువ.

దీనికి మన నేల మీద ఒక ఛాయాచిత్రమే సాక్ష్యం ఉంది. 1902 ఏప్రిల్‌లో వైస్రాయి కర్జన్ వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర విడిది చేసి వేటాడాడు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ స్టూడియో తీసిన ఆ చిత్రంలో కర్జన్ దంపతులూ, చచ్చిన పులీ కనిపిస్తారు. చిత్రం కింది రాతలో దొర పేరుంది, దొరసాని పేరుంది, ఊరి పేరుంది. డప్పులు కొడుతూ, కేకలు వేస్తూ అడవిని చుట్టుముట్టి ఆ పులిని తుపాకీ ముందుకు తోలినవాళ్ళ పేర్లు లేవు. దౌరాకు వచ్చిన ప్రతి అధికారికీ వెట్టి చేయవలసి వచ్చిన తెలంగాణలో, వైస్రాయి వేటకు ఎంతమంది పొలాలు వదిలి వచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు.

ఫోర్సిత్ సంగతి ఇంకా ఆసక్తికరం. అతడు వేటగాడే కాదు, మధ్య పరగణాల అడవులను సర్వే చేసి ఏ భాగం సర్కారుకు ఉంచాలో చెప్పిన అటవీ అధికారి కూడా. గోండుల వెంట నడిచి, వాళ్ళ కళ్ళతో అడవిని చూసి, వాళ్ళను ఆ అడవికి పరాయివాళ్ళను చేసే లెక్కలు రాశాడు. తుపాకీ పట్టిన చేయీ, కొలగొలుసు పట్టిన చేయీ ఒకటే. వేట జ్ఞాపకాలను కేవలం సాహస రచనలుగా పాఠం చెప్పేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తారు.

అందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మన చిత్తూరు అడవులలో, చామల లోయలో, మామండూరు చుట్టుపక్కల తిరిగిన కెన్నెత్ ఆండర్సన్ తన కథల్లో బైరా అనే పూజారి తెగవాడికి పేరిచ్చాడు, మాటలిచ్చాడు, స్నేహితుడని చెప్పుకున్నాడు. ఆండర్సన్ పుస్తకాలు ఇప్పటికీ చదివించడానికి అదొక కారణమని నా అభిప్రాయం. కాని బైరా తన తొలి దుప్పి గురించి తాను చెప్పుకున్న పుస్తకం మాత్రం మనకు లేదు.

అలాంటి మాటలు వినాలనే 1980లలో నల్లమలలోనూ, గోదావరి ఏజెన్సీలోనూ కొంతకాలం తిరిగాను. విన్నవాటిలో కొన్ని ఇక్కడ చెబుతున్నాను. చెప్పినవాళ్ళ పేర్లు గాని, వాళ్ళ పెంటల పేర్లు గాని రాయడం లేదు. కారణం సాహిత్యపరమైనది కాదని ముందుకుపోతే తెలుస్తుంది.

అమ్రాబాదు పీఠభూమి మీది ఒక చెంచు పెద్దాయన తన తొలి దుప్పి సంగతి చెప్పడానికి ఒక పూట తీసుకున్నాడు. అందులో బాణం వేసిన ఘట్టం రెండు మాటలు. వేసవిలో చెలమ దగ్గర తండ్రీ, మేనమామా, తానూ కూర్చున్నారు, దుప్పి నీళ్ళకు వచ్చింది, బాణం తగిలింది. అంతే. తగిలిన తర్వాత అది పరుగెత్తిన దారి మాత్రం రాయి రాయీ చెప్పాడు. ఎక్కడ రక్తపు బొట్టు ఆకు మీద ఎండిపోయి ఉంది, ఎక్కడ జాడ తప్పింది, మామ వెనక్కి ఎందుకు తిరిగాడు, చీకటి పడేవేళకు అది ఏ చెట్టు కింద పడి ఉంది. ఇంగ్లీషు పుస్తకాలు చదివిన అలవాటు కొద్దీ అడిగాను, “ఎంత దూరం నుంచి కొట్టావు తాతా?” అని. “కనబడేంత దూరం” అన్నాడు. నేను మళ్ళీ అడగలేదు.

ఆయన ఎక్కువ సేపు చెప్పింది పంపకం గురించి. పెంటలో ఎన్ని గుడిసెలు, ఏ గుడిసెకు ఏ భాగం వెళ్ళింది, బాలింతకు ఏం పెట్టారు, నడవలేని ముసలమ్మకు ఎవరు తీసుకెళ్ళారు. అరవై ఏళ్ళ కిందటి ముచ్చట అది. ఆ గుడిసెలు లేవు, ఆ మనుషులూ లేరు. అయినా వరస తప్పలేదు. “నువ్వు కొట్టిన దుప్పి” అని నేనంటే “మేం కొట్టినం” అని రెండుసార్లు దిద్దాడు. మూడోసారి నేనే దిద్దుకున్నాను.

గోదావరి అవతల ఒక కోయ ముసలాయన జ్ఞాపకం దీనికి పూర్తిగా భిన్నమైనది. అతనికి తొలి దుప్పి అంటే పదేళ్ళ వయసులో తాను తోలిన దుప్పి. ఊరి పెత్తందారు కబురు పెడితే తండ్రితోపాటు డబ్బా వాయిస్తూ కొండ దిగాడు. దుప్పి తన పక్కనుంచే పరుగెత్తిపోయింది. పిల్లవాడు కనక కొంచెం జరిగి దారి ఇచ్చాడు. అది గుంపు తప్పించుకుని పోతుంటే తుపాకీవాళ్ళు చుట్టు తిరిగి కొట్టారట. దారి ఇచ్చినందుకు తండ్రిని తిట్టారు. సాయంత్రం పేగులూ, గిట్టలూ కోయలకు పడేసి మాంసం బండిలో వేసుకుపోయారు. “నాకు ముందు గుర్తొచ్చేది మా అయ్య తలవంచుకుని నిలబడ్డదే” అన్నాడు.

ఈ రెండు జ్ఞాపకాల మధ్య తేడాను తెగల మధ్య తేడాగా తీసుకోకూడదు. ఎవరి కోసం వేటాడామన్నదే ఇక్కడ తేడా.

చెంచుల మధ్య 1940లో పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ తన 1943 నాటి గ్రంథంలో ఒక ముఖ్యమైన సంగతి నమోదు చేశాడు. చెంచుల తిండికి ప్రధానాధారం అడవిలో తవ్వుకునే గడ్డలూ, ఏరుకునే కాయలూ పండ్లే, వేట మాంసం వాటా తక్కువ. చెంచు అనగానే విల్లెక్కుపెట్టిన బొమ్మ వేసే మన చిత్రకారులూ, సినిమావాళ్ళూ, కొందరు అభ్యుదయ కవులూ కూడా ఈ మాట వినిపించుకోలేదు. తవ్వుగోల పట్టిన ఆడమనిషి బొమ్మ వేసి ఉంటే నిజానికి దగ్గరగా ఉండేది. దుప్పి అరుదుగా దొరుకుతుంది కాబట్టే, దొరికిన రోజు అరవై ఏళ్ళు గుర్తుంటుంది.

భాష కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. పట్నంలో మనకు అన్నీ జింకలే. అడవి అంచున బతికేవాళ్ళకు చుక్కల దుప్పి వేరు, కణితి వేరు, మైదానంలో దూకే ఇర్రి వేరు, కొండగొర్రె వేరు, మనుబోతు వేరు. నిఘంటువుల్లో వీటిలో కొన్నింటికి ‘ఒక విధమైన మృగము’ అన్న అర్థంతో సరిపెట్టారు. నిఘంటుకారుడు అడవికి వెళ్ళలేదు, వెళ్ళినవాడిని అడగలేదు.

మరి మన కావ్యాలు? మృగయా వినోదాలకు అక్కడ కొదవలేదు. అయితే చచ్చిన జింక జింకగా కావ్యానికి పట్టదు. పాండురాజు కొట్టిన లేడి ముని కాబట్టి శాపమయింది. దుష్యంతుడు తరిమిన లేడి ఆశ్రమానిది కాబట్టి బాణం దిగింది. ఆటవికుడి తొలి వేటను కథకు కేంద్రంగా పెట్టింది తిన్నడి గాథ ఒక్కటే అనిపిస్తుంది. పన్నెండో శతాబ్దపు తమిళ పెరియపురాణంలో సేక్కిళార్ దీనికి ‘కన్ని వేట్టై’ అనే పేరే వాడాడు. కన్నెవేట, అంటే కుర్రవాడి మొదటి వేట. అక్కడ పడింది దుప్పి కాదు, అడవిపంది. పొత్తపినాటి బోయ కుర్రవాడు తోటివాళ్ళతో దానిని తరిమి కొట్టి, కాల్చుకోవడానికి నీళ్ళున్న చోటు వెతుక్కుంటూ పోయి కాళహస్తి కొండ చూస్తాడు. మనకు ధూర్జటి ఈ కథను శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తెలుగు చేసి, వేటను విస్తారంగా వర్ణించాడు. తిన్నడు మంచి ముక్కలు ఏరి తాను తినకుండా శివుడికి పెట్టడం భక్తి పారవశ్యమని మన వ్యాఖ్యాతలు రాశారు. చెంచు పెద్దాయన పంపకం విన్న తర్వాత నాకది మరోరకంగా కనబడింది. తొలి వేటను ఒక్కడే తినని సమాజం నుంచి వచ్చిన కుర్రవాడు గుడిలో ఒంటరిగా ఉన్న దేవుడికి కూడా వాటా వేశాడు. ఆ వాటాను భక్తిగా మార్చుకున్నాక గాని పురాణం అతన్ని లోపలికి రానివ్వలేదు.

ఇక చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడటం, ఉచ్చులు పెట్టడం నేరమన్నది. నిబంధనలు తెలిసి, రుసుము కట్టి, లైసెన్సు పొందగలిగినవాడికి అదే అడవిలో అదే దుప్పి ‘గేమ్’ అయింది. విల్లు పట్టినవాడికి కేసు అయింది. నిజాం వైపు పాకాల, పోచారం లాంటివి పాలకుల వేట భూములు. ఇవి 1952లో అభయారణ్యాలయ్యాయి. హైదరాబాదు నగరం అంచున నిజాం వేటాడిన మరో భూమి 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం అడవి పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. నేను నల్లమలలో తిరిగింది ఆ తర్వాతనే.

జంతువులను కాపాడవద్దని నేను అనడం లేదు. నాటు తుపాకులతో కొట్టించి, మాంసం పట్నానికి తరలించే దళారీలను కళ్ళారా చూశాను. వాళ్ళ సంపాదనకు ఆదివాసి ఆకలిని ముసుగు వేయడం కూడా మోసమే. అడిగేది ఒక్కటే. షికారు పుస్తకాల లెక్కల పట్టికలన్నీ కలిపితే ఎన్ని వేల తలలు? ఆ పుస్తకాలు గ్రంథాలయాల్లో గౌరవంగా ఉన్నాయి. వాటి రచయితలకు జ్ఞాపకం ఆస్తి. చెంచు పెద్దాయనకు అదే జ్ఞాపకం నేరాంగీకారం. మనవడు ఎప్పుడో కొట్టిన దుప్పి సంగతి నాకు చెబుతున్న ఒకాయనను కోడలు మధ్యలో ఆపేసింది. “కాయితం మీద రాస్తున్నరు మామా” అన్నది. ఆమె మాట సబబే. పేర్లు రాయకపోవడానికి కారణం ఇదే.

2006 అటవీ హక్కుల చట్టం అనేక సంప్రదాయ హక్కులను గుర్తించింది. మూడవ సెక్షనులో, మిగిలిన సంప్రదాయ హక్కులన్నింటినీ చెప్పే చోట, వేటాడే సంప్రదాయ హక్కును మినహాయిస్తున్నామని స్పష్టంగా రాశారు. వేటను సంప్రదాయ హక్కు అని చట్టం నోటితోనే అన్నారు, ఆ వాక్యంలోనే తీసేశారు. 2014లో తెలంగాణ రాష్ట్రం చుక్కల దుప్పిని తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక ఉండనే ఉంది. గుర్తుగా పెట్టుకున్న జంతువుకు దేశంలో పాటలు వస్తాయి, పాఠాలు వస్తాయి. దానితో కలిసి బతికినవాడి కథ ఏ పాఠంలో వస్తుందో సాహిత్య విద్యార్థులు వెతకవలసి ఉంది.

చివరగా ఆడవాళ్ళ మాట చెప్పాలి. తొలి వేట జ్ఞాపకమంటే మగవాడినే అడుగుతాం. నేనూ అలాగే మొదలుపెట్టాను. విశాఖ మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవాళ్ళు వేటకు వెళ్ళి వట్టిచేతులతో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. ఇది చూసి నవ్వుకున్న పరిశోధకులు, ఆ ఆడవాళ్ళకు ఏ దుప్పి గుర్తుందో మాత్రం అడగలేదు. నేను అడిగిన ఒక చెంచు అవ్వ పెనిమిటి కొట్టిన మొదటి దుప్పిని చెప్పింది. ఆమెకు మాంసం రుచి గుర్తులేదు. మర్నాడు పొద్దున గార్డు వస్తున్నాడని తెలిసి తోలును మడిచి, ఇప్పపువ్వు ఎండబెట్టిన చాప కింద పెట్టి, ఆ చాప మీదే కూర్చుని పువ్వు ఏరిందట. గార్డు గుడిసెలన్నీ వెతికి, ఎండలో అలసి, ఆమె ఎదురుగానే కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. లేస్తే చాప కదులుతుంది. కూర్చున్నచోటునుంచే కూతురిని కేకేసి నీళ్ళు తెప్పించింది.