పురుటి నొప్పికి మందు: హైదరాబాదులో ఒక విచారణ

1889 నాటికి ఇందూరుకు రైలు రాలేదు. బోధనులో చక్కెర కర్మాగారము లేదు. ఆ సీమలో పురుడనగా ఇంటి మూలగది, మంత్రసాని, ఆముదపు దీపము. నొప్పిని మరపించు మందొకటి కలదను మాట ఆ గడపలకు చేరలేదు. ఐనను ఆ మందును గూర్చి ప్రపంచమునకు సమాధానము చెప్పబూనినది ఆ సీమకు రాజధానియైన హైదరాబాదే. ఆ కథను మేము నేడు మనవి చేయుచున్నాము.

1847 నవంబరులో ఎడింబరో నగరమున సింప్సన్ అను వైద్యుడు క్లోరోఫారమునకు మైమరపించు శక్తి కలదని గ్రహించి, ప్రసవములలో వాడనారంభించెను. పురుటి నొప్పి దైవనిర్ణయమని కొందరు ఆక్షేపించిరి. 1853లో విక్టోరియా రాణి తన ఎనిమిదవ కాన్పున దానిని పీల్చుటతో ఆ ఆక్షేపణ సన్నగిల్లెను. ప్రాణభయము మాత్రము పోలేదు. ఆ మత్తులోనే అకస్మాత్తుగా మరణించినవారు కలరు. ముందాగునది గుండెయా, ఊపిరియా?

ఊపిరియేనని హైదరాబాదు వైద్య విద్యాలయాధిపతి ఎడ్వర్డు లారీ నమ్మెను. ఆరవ నిజాము ధనసహాయముతో 1888లో ఒక సంఘము, 1889లో మరియొకటి జంతువులపై ప్రయోగములు చేసెను. రెండవదానికై లండను నుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. మందిచ్చువారు నాడిని గాక ఊపిరిని కనిపెట్టి యుండవలెనని వారు తీర్మానించిరి.

ఆ విద్యాలయముననే చదివి 1889లో పట్టము పొందిన రూపాబాయి ఫర్దూంజీ క్లోరోఫారమిచ్చుటను వృత్తిగా గైకొనెను. ప్రపంచములో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పేర్కొందురు. ఘోషాలో నుండు స్త్రీకి తలాపున మరియొక స్త్రీ నిలుచుట ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును.

ఐతే ఆ తీర్మానము సగమే నిజము. స్వల్పమైన మత్తులో సైతము గుండె లయ తప్పి ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ చూపెను. మరి బిడ్డ మాట? తల్లికిచ్చిన మత్తు మావిని దాటి బిడ్డను చేరగలదు. 1953లో అమెరికా మత్తు వైద్యురాలు వర్జీనియా అప్గార్ ప్రకటించిన పద్ధతిలో, పుట్టిన నిమిషమునకే శిశువు గుండె, ఊపిరి, రంగు, కండబలము, స్పందన అను ఐదింటికి గుణములు వేయుదురు.

బోధనులో కర్మాగారము 1937లో వెలసినది, 2015లో మూతపడినది. క్లోరోఫారమును వైద్యులు ఏనాడో విడిచిరి; నేడు శస్త్రచికిత్స కాన్పులకు సాధారణముగా వెన్నులో సూది వేయుదురు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి అరువదికి పైగా కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. మందు అందని కాలము పోయి, అవసరమా యని విచారింపవలసిన కాలము వచ్చినది. కావున నిండుచూలాలున్న యింటివారు ముందుగానే వైద్యుల నడుగుదురు గాక: శస్త్రచికిత్స ఎందుకు? మత్తు ఎవరిత్తురు? ఇచ్చినవారు కడదాక తల్లి చెంతనే యుందురా? గర్భిణి తాను వాడుచున్న ప్రతి మందు పేరును వారికి చెప్పవలెను.