చుక్కల మిణుకు, ఊళ్ళ వెలుగు

చుక్కలు మిణుకుమిణుకుమనడం మనకి ముచ్చట, ఖగోళ శాస్త్రవేత్తలకి తలనొప్పి. ఆ మిణుకు చుక్కది కాదు, మన గాలిది. వేడిగాలీ చల్లగాలీ కలగలిసి వెలుగుని అటూ ఇటూ వంచేస్తాయి. అందుకే ఎంత పెద్ద దుర్భిణి కట్టినా వెలుగు ఎక్కువ దొరికేది గానీ, బొమ్మ స్పష్టత మాత్రం అరడుగు దుర్భిణిని పెద్దగా దాటేది కాదు.

మనవాళ్ళకీ ఈ బాధ తప్పలేదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో హైదరాబాదులో మొదలెట్టిన నిజామియా వేధశాల తర్వాత బేగంపేటకి మారింది. ప్రపంచ నక్షత్ర పటం కోసం ఫొటో పలకల మీద ఏడున్నర లక్షలకు పైగా చుక్కల స్థానాలు కొలిచింది. కంప్యూటర్లు లేని కాలం సుమా! నగరం పెరిగాక, దూరంగా జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దుర్భిణి పెట్టారు, 1968లో.

మిణుకుకి మందు హొరేస్ బాబ్‌కాక్ 1953లోనే చెప్పాడు. గాలి వెలుగుని ఎలా వంచిందో కొలిచి, దానికి విరుగుడుగా అద్దాన్ని వంచితే సరి! కానీ కొలవడం, లెక్కకట్టడం, అద్దాన్ని కదపడం సెకనుకి వందలసార్లు జరగాలి. మన భాషలో, కాస్త లేటైనా పనికిరాని రియల్ టైమ్ సిస్టమ్. అప్పట్లో అంత కంప్యూటర్ ఎక్కడిది? చివరికి 1989లో యూరప్ వాళ్ళు ఫ్రాన్సులో చేసి చూపించారు. అమెరికా సైన్యం రహస్యంగా చేసిన పని 1991లో బయటికొచ్చింది.

అదీ ముందు పరారుణంలోనే కుదిరింది. అలల పొడవు ఎక్కువ కాబట్టి గాలి కుదుపు తక్కువ తగులుతుంది, నిదానంగా సరిదిద్దినా చాలు. పైగా పాలపుంత నడిబొడ్డుని కప్పేసిన ధూళిలోంచి పరారుణం దూసుకొస్తుంది. 1999లో హవాయిలోని 10 మీటర్ల కెక్ దుర్భిణికి ఈ విద్య అబ్బింది. అక్కడి చుక్కల పరుగు చూసి, 40 లక్షల సూర్యుళ్ళంత బరువున్నదేదో మధ్యలో ఉందని తేల్చిన ఆండ్రియా గెజ్, రైన్‌హార్డ్ గెంజెల్‌లకి 2020లో నోబెల్ వచ్చింది.

మరి మన జాపాల్ సంగతో? హైదరాబాదు వెలుగు అక్కడికీ పాకింది. వంగిన వెలుగుని లెక్కకట్టి సరిచెయ్యొచ్చు గానీ, ఆకాశమంతా పరుచుకున్న వీధిదీపాల వెలుగుని ఏ అద్దమూ తుడవలేదు. అందులో మన ఆఫీసుల వాటా కూడా ఉంది మరి. మా పల్నాడులో రొంపిచెర్లకీ ఇప్పుడు తెల్లటి లైట్లొచ్చాయి. వద్దనను, చీకట్లో తేలూ పామూ చూసినవాణ్ణే. దీపానికి ఓ టోపీ పెట్టి వెలుగు కిందికే పడేట్టు చెయ్యమంటున్నానంతే. దానికి బాబ్‌కాక్ అక్కర్లేదు, పంచాయతీ చాలు.