ఆ 22 శాతం ఏమైంది?

2015 ఫిబ్రవరిలో కానలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ ఒక లెక్క బయటపెట్టింది. అంతకుముందు మూడు నెలల్లో మన దేశ స్మార్ట్‌ఫోన్ మార్కెట్‌లో మైక్రోమ్యాక్స్‌కు 22 శాతం వాటా, శాంసంగ్‌కు 20. గుర్గావ్ కంపెనీ కొరియా కంపెనీని దాటేసిందని పత్రికలు పండగ చేసుకున్నాయి. అప్పటికి షావొమి వాటా నాలుగు శాతం దగ్గర ఉంది. ఒప్పో, వివోల పేర్లు పలకడానికి చాలామందికి నోరు కూడా తిరిగేది కాదు.

రెండేళ్లు తిరిగాయి. 2016 చివరి మూడు నెలలకు ఐడీసీ అనే మరో పరిశోధన సంస్థ ప్రకటించిన మొదటి ఐదు పేర్లు ఇవీ: శాంసంగ్, షావొమి, లెనోవో, ఒప్పో, వివో. మైక్రోమ్యాక్స్ మాట అలా ఉంచండి, ఆ ఐదింటిలో మన దేశపు కంపెనీ ఒక్కటీ లేదు.

ఎవరిని అడిగినా జవాబు నాలుక చివర ఉంటుంది. “చైనావాళ్లు చౌకగా ఇచ్చి దెబ్బకొట్టారు” అంటారు. ఇంకాస్త లోతు తెలిసినవాళ్లు “జియో వచ్చింది, 3జీ ఫోన్లు మూలపడ్డాయి” అంటారు. రెంటిలోనూ నిజం ఉంది. తేదీలు వరసగా పేర్చి చూస్తే మాత్రం ఏదీ పూర్తిగా అతకదు.

ముందు ఆ 22 దగ్గరే ఆగాలి. దేనిలో 22 శాతం? కానలిస్ లెక్కపెట్టింది కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటర్లకు బయల్దేరిన పెట్టెల్ని. లెక్క వచ్చీరాగానే శాంసంగ్ ఒప్పుకోలేదు. దుకాణంలో గ్రాహకుడి చేతికి వెళ్లిన ఫోన్లను లెక్కగట్టే జీఎఫ్‌కే అంకెలు చూపించి, ఇప్పటికీ మేమే ముందున్నాం అంది. అదే మూడు నెలలకు ఐడీసీ కూడా శాంసంగ్‌కు 22, మైక్రోమ్యాక్స్‌కు 18 అని చెప్పింది. ఫోన్ల వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ తేడాను సెల్-ఇన్, సెల్-అవుట్ అంటారు. డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లో దిగిన సరుకు కంపెనీ పుస్తకంలో అమ్మకమే. అది గాజు బీరువాలో దుమ్ము పట్టిందా, ఎవరి జేబులోకైనా చేరిందా అన్నది మరో పుస్తకం.

అలాగని మైక్రోమ్యాక్స్ బలం ఉత్త కాగితాల మీదే ఉందనుకుంటే పొరపాటు. 2014 ఏప్రిల్-జూన్‌లో అన్ని రకాల ఫోన్లూ కలిపి కౌంటర్‌పాయింట్ అనే పరిశోధన సంస్థ వేసిన లెక్కలో మైక్రోమ్యాక్స్‌కు 16.6 శాతం, శాంసంగ్‌కు 14.4 వచ్చాయి. ఆ ఆదరణ ఊరికే రాలేదు. కంపెనీ స్థాపకుల్లో ఒకరైన రాహుల్ శర్మ, పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ వైపు కరెంటు లేని చోట లారీ బ్యాటరీతో నడుస్తున్న ఒక పీసీఓను చూశానని, ఆ ఆలోచనలోంచే మొదటి ఫోన్ పుట్టిందని చెబుతుంటారు. 2008లో వచ్చిన ఆ ఎక్స్1ఐ ఒకసారి చార్జి చేస్తే 30 రోజులు నిలిచి ఉంటుందని ప్రచారం చేశారు. తర్వాత రెండు సిమ్‌ల ఫోన్లు. కాల్ చార్జీలు ఒక కంపెనీవి, ఎస్ఎంఎస్ ప్యాక్ మరో కంపెనీది వాడుకుంటూ పైసా పైసా మిగుల్చుకునే మనవాళ్లకు రెండు సిమ్‌లు ఎంత అవసరమో నోకియా ఆలస్యంగా గ్రహించింది. మైక్రోమ్యాక్స్ ఆ సందులోంచే లోపలికొచ్చింది.

2013 మొదట్లో కాన్వాస్ హెచ్‌డీ వచ్చింది. అయిదంగుళాల తెర, నాలుగు కోర్ల చిప్, ధర 13,990 రూపాయలు. దాదాపు అదే సమయంలో శాంసంగ్ అయిదంగుళాల గెలాక్సీ గ్రాండ్‌ను 21,500కు పెట్టింది. ఇక జనం ఎటు వెళ్తారు? అదే ఏడాది చివర్లో హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్ మైక్రోమ్యాక్స్ ప్రకటనల్లో కనిపించాడు. ధీమా ఆ స్థాయికి చేరింది.

ఇంతకీ ఆ కాన్వాస్‌ను ఎవరు తయారుచేశారు? లోపలి చిప్ తైవాన్‌కు చెందిన మీడియాటెక్‌ది. మీడియాటెక్ చిప్‌ను ఒంటరిగా అమ్మేది కాదు. బోర్డు నమూనా, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి దాదాపు సిద్ధంగా చేతికిచ్చేది. షెన్‌జెన్‌లోని డిజైన్ సంస్థలు దాన్ని తీసుకుని తెర, కెమెరా, డొప్ప తగిలించి ఫోన్ తయారుచేసేవి. మన కంపెనీలు అక్కడికి వెళ్లి నచ్చినవి ఎంచుకుని, పేరు అచ్చేయించి, ఓడల్లో, విమానాల్లో తెచ్చుకునేవి. నోకియా ఒక మోడల్ తేవడానికి పట్టే కాలంలో మైక్రోమ్యాక్స్ డజను మోడళ్లు దింపిందంటే రహస్యం ఇదే. చైనావాళ్లు వచ్చి మన ఫోన్లను చంపారనే మాట ఇక్కడే తడబడుతుంది. చైనా బ్రాండ్లు రాకముందే మన బ్రాండ్ల ఫోన్లు చైనావి.

ఇక 2014 జులైకి రండి. షావొమి ఎంఐ 3ని ఫ్లిప్‌కార్ట్‌లో 13,999కి పెట్టింది. ఏడాదిన్నర కిందటి కాన్వాస్ హెచ్‌డీ ధరకు తొమ్మిది రూపాయలే ఎక్కువ. ఏడాదిన్నరలో ధరలు ఎలాగూ దిగుతాయి కాబట్టి ఈ పోలిక ఒక్కటే చాలదు. కొన్ని నెలల ముందే మైక్రోమ్యాక్స్ తెచ్చిన కాన్వాస్ నైట్ ధర చూడండి: 19,999, అందులో మీడియాటెక్ చిప్. ఎంఐ 3లో ఉన్నది స్నాప్‌డ్రాగన్ 800. గూగుల్ నెక్సస్ 5లోనూ అదే చిప్, దాని ధర 28,999. ఎంఐ 3 అమ్మకంలో దుకాణదారుడి వాటా లేదు, డిస్ట్రిబ్యూటర్ లేడు, టీవీ ప్రకటన లేదు. వారానికొకసారి ఫ్లాష్ సేల్, క్షణాల్లో ఖాళీ. రెండు నెలలకే 5,999కి రెడ్‌మీ 1ఎస్ కూడా వచ్చేసింది.

మైక్రోమ్యాక్స్ చేతులు ముడుచుకుని కూర్చుందా? లేదు. నన్ను ఎక్కువగా తికమక పెట్టిన ఆధారం ఇదే. 2014 డిసెంబరులో రాహుల్ శర్మ ‘యు’ అనే కొత్త బ్రాండ్ కింద యురేకా అనే ఫోన్ ప్రకటించారు. ధర 8,999, స్నాప్‌డ్రాగన్ 615, 2 జీబీ ర్యామ్, పైగా 4జీ. జియో రావడానికి ఇంకా ఇరవై నెలలుంది! 4జీ వస్తోందని వాళ్లు గ్రహించలేదన్న వాదన ఈ ఒక్క ఫోన్‌తో వీగిపోతుంది. షావొమి మీదికి వదలాల్సిన అస్త్రం వాళ్ల చేతిలోనే ఉంది. మొదటి విడత 10,000 ఫోన్లు అమెజాన్‌లో క్షణాల్లో అయిపోయాయని కంపెనీ చెప్పుకుంది కూడా.

మరి ఎక్కడ తప్పింది? ఆ ఫోన్ కూల్‌ప్యాడ్ అనే చైనా కంపెనీ మోడల్‌కు పెట్టిన మరో పేరు. సాఫ్ట్‌వేర్ అమెరికాలోని సైనోజెన్‌ది. భారత్‌లో అది మాకే చెందాలని మైక్రోమ్యాక్స్ ఒప్పందం చేసుకుంది, అదే సాఫ్ట్‌వేర్ వాడిన వన్‌ప్లస్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి కొద్దికాలం దాని అమ్మకాలు ఆపించింది కూడా. అంతగా పోట్లాడి దక్కించుకున్న ఆ సైనోజెన్ తన సేవలన్నీ 2016 డిసెంబరు 31న మూసేసింది. అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అనలేదు. షావొమికి ఎంఐయూఐ అనే సాఫ్ట్‌వేర్ సొంతం. కొన్నవాళ్లు ఏడాది తర్వాత కూడా అప్‌డేట్ల కోసం, ఫోరంల కోసం దాని దగ్గరికే తిరిగొచ్చేవాళ్లు.

దీనికన్నా పెద్ద గాయం మరోటి ఉందని నా అనుమానం. యురేకా ఆన్‌లైన్‌లోనే దొరికేది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్‌కు వెళ్లి కాన్వాస్ అడిగితే పది రకాలు తీసి చూపించేవారు, యురేకా అడిగితే లేదనేవారు. దుకాణాలతో తగువు రాకూడదని మంచి ఫోన్‌కు వేరే పేరు, వేరే అంగడి పెట్టారు. దాంతో కంపెనీ రెండుగా చీలిపోయింది. కోట్లు పోసి ప్రచారం చేసిన కాన్వాస్ పేరు మీద మామూలు ఫోన్లు మిగిలాయి, మంచి ఫోన్ మీద ఎవరికీ తెలియని పేరు పడింది.

కొందరు వేలు బోర్డురూమ్ వైపు చూపిస్తారు. 2014లో చైర్మన్‌గా వచ్చిన ఎయిర్‌టెల్ మాజీ అధిపతి సంజయ్ కపూర్ 2015 ఆగస్టులోనే వెళ్లిపోయారు. అలీబాబా పెట్టుబడి పెడుతుందని వార్తలొచ్చాయి, ఆ బేరం కుదరలేదు. ఈ తగువులే కారణమైతే మిగతా భారతీయ బ్రాండ్లు నిలబడాలి కదా? లావా, కార్బన్, ఇంటెక్స్ కూడా అదే కాలంలో జారాయి. మన హైదరాబాద్ సెల్‌కాన్ సంగతే తీసుకోండి. 2009లో మొదలైంది, ‘క్యాంపస్’ ఫోన్లతో తెలుగు జిల్లాల కాలేజీ కుర్రాళ్లకు దగ్గరైంది, 2015లో మేడ్చల్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. దానికి అలీబాబా బేరం లేదు, సైనోజెన్ గొడవ లేదు. అదీ అదే దారిన పోయింది. రోగం ఇంటిది కాదు, వీధి వీధంతా పాకింది.

ప్రభుత్వం అడ్డుకట్ట వేయలేదా? వేసింది. 2015 బడ్జెట్‌లో దిగుమతి ఫోన్ల మీద 12.5 శాతం కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ పెట్టి, ఇక్కడే బిగించిన వాటికి ఒక్క శాతం ఎక్సైజుతో సరిపెట్టింది. చూడ్డానికి దేశీ కంపెనీలకు వరమే. ఆ వరం దేశీ కంపెనీలకే దక్కిందా? ఆ ఆగస్టులో విశాఖపట్నంలో, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు సమక్షంలో షావొమి రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేసింది. ధర 6,999. బిగించింది అప్పటి చిత్తూరు జిల్లా శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ప్లాంటులో. సుంకం సరిహద్దు దగ్గర పెట్టెను ఆపుతుంది కానీ పెట్టె మీది పేరును ఆపలేదు. విడి భాగాలన్నీ దాదాపు చైనా నుంచే వచ్చే రోజుల్లో బిగింపు పని ఎవరు చేయించుకున్నా ఒకటే, కూలీ మాత్రం మన పిల్లలకు దక్కింది.

ఇప్పుడు జియో సంగతి. 2015 చివరి మూడు నెలలకు మైక్రోమ్యాక్స్ వాటా ఐడీసీ లెక్కలో దాదాపు 14 శాతానికి దిగింది. జియో సేవలు అందరికీ మొదలైంది 2016 సెప్టెంబరు 5న. అంటే పతనం మొదలైన ఏడాదికి నిందితుడు ఊళ్లోనే లేడు. వచ్చాక మాత్రం దయ చూపలేదు. జియోలో మాట్లాడాలన్నా 4జీ ఫోన్ ఉండాల్సిందే. గోడౌన్లలో, దుకాణాల్లో మిగిలిన 3జీ కాన్వాస్‌లకు విలువ పడిపోయింది. మొదట చెప్పిన సెల్-ఇన్, సెల్-అవుట్ తేడా ఇక్కడ కొరడాలా తగిలింది. నవంబరు 8న పెద్దనోట్లు రద్దయ్యాయి. అప్పట్లో పదివేల లోపు ఫోన్లు ఎక్కువగా నగదుతో, చిన్న దుకాణాల్లో అమ్ముడయ్యేవి, మన బ్రాండ్ల బతుకంతా ఆ అరలోనే. 2017లో 1,500 డిపాజిట్‌కు జియోఫోన్ ప్రకటించడంతో బటన్ ఫోన్ల ఆసరా కూడా కదిలింది.

ఈలోగా ఒప్పో, వివో దుకాణాలను పట్టుకున్నాయి. బోర్డు వాళ్లదే, లైట్లు వాళ్లవే, కౌంటర్ దగ్గర నిలబడి “సార్, సెల్ఫీ చూడండి” అనే ప్రమోటర్ కుర్రాడి జీతమూ వాళ్లదే. 2016 ఐపీఎల్‌కే వివో పేరు పెట్టేశారు. కర్నూలులోనో ఖమ్మంలోనో చిన్న షాపుకు కూడా ఆకుపచ్చ, నీలం బోర్డులు వేలాడాయి. మైక్రోమ్యాక్స్ ఏ దుకాణాల మనసు నొప్పించకూడదని తన మంచి ఫోన్‌ను దాచిపెట్టిందో ఆ దుకాణాలే గోడలు అద్దెకిచ్చాయి. వ్యాపారులను తప్పుపట్టడానికి లేదు, మిగులు ఎవరు ఎక్కువ ఇస్తే వాళ్ల సరుకు ముందుకొస్తుంది.

సాక్షిగా శాంసంగ్‌ను పిలిస్తే చిక్కు ఇంకొంచెం సడలుతుంది. అది చైనా కంపెనీ కాదు, చౌక కూడా కాదు, జియో తుపాను దానికీ తగిలింది. అయినా నిలబడింది. తెర సొంతం, మెమరీ సొంతం, నోయిడాలో సొంత ఫ్యాక్టరీ. 2015లోనే జె2 4జీని 8,490కి అదే గెలాక్సీ పేరు మీద అన్ని దుకాణాల్లోనూ పెట్టింది.

షావొమి శాంసంగ్‌ను ఎప్పుడు దాటిందో కూడా చూడాలి. ఆన్‌లైన్ ఫ్లాష్ సేళ్ల రోజుల్లో దాటలేదు. 2017 మేలో బెంగళూరులో మొదటి ఎంఐ హోమ్ దుకాణం తెరిచి, రెడ్‌మీ నోట్ 4ను అదే పేరుతో మామూలు దుకాణాలకూ పంపాక దాటింది. ఆ ఏడాది చివరి మూడు నెలలకు కానలిస్ లెక్క: షావొమి 27, శాంసంగ్ 25. ఆన్‌లైన్ పేరును దుకాణానికి తెచ్చినవాడు గెలిచాడు. యురేకాను దుకాణానికి రానివ్వని కంపెనీ పడిపోవడం అప్పటికే మొదలైపోయింది. నా మట్టుకు గాయం తగిలింది 2014 డిసెంబరులో, సరిగ్గా 22 శాతం నమోదైన ఆ మూడు నెలల్లోనే. లోపల సొంతమైనది ఏదీ లేని కంపెనీకి మిగిలిన ఆస్తి పేరొక్కటే, దాన్నీ రెండు ముక్కలు చేసుకుంది. జియో, నోట్ల రద్దు తర్వాతి మాట.

2020లో గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా ఫోన్ల మీద కోపం రాజుకున్నప్పుడు మైక్రోమ్యాక్స్ మళ్లీ వచ్చింది. ఆ అక్టోబరులో ఉత్పత్తి ప్రోత్సాహకాల పథకం కింద దాని తయారీ విభాగం భగవతి ప్రోడక్ట్స్‌కు ఆమోదం దొరికింది. నవంబరులో ‘ఇన్’ అనే ఇంకో కొత్త పేరుతో ఇన్ నోట్ 1 ప్రకటించారు, ధర 10,999, చిప్ మీడియాటెక్‌ది. అమ్మకానికి పెట్టింది ఫ్లిప్‌కార్ట్‌లో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో.