‘సదరు’ చేసిన చిక్కు

సంచికకు ఏదైనా పాత సంగతి రాయమన్నారు. రెవిన్యూలో అరిగినవాడిని, నాకు అడంగల్ తప్ప వేరే సాహిత్యం రాదు.

1984 జనవరిలో మునసబు, కరణం పదవులు రద్దయినప్పుడు నేను నంద్యాలలో గుమాస్తాను. గ్రామ లెక్కల కట్టలు బల్లల మీదికి వచ్చి పడ్డాయి. కరణాల గొలుసుకట్టు రాత మాకెవరికీ కొరుకుడు పడలేదు. ఇంకా పాత కాగితాల్లో వీసం, కాలు, అర అన్నీ గుర్తులే. తూముకూ ఒక గుర్తు (కె.సి. కెనాల్ తూము కాదు, ధాన్యం కొలిచే తూము). తరువాత ఆళ్ళగడ్డకు బదిలీ అయితే, అక్కడ ఒక మాజీ కరణంగారు సాయంత్రాలు అరుగుమీద కూర్చోబెట్టి వాటిని చదవడం నేర్పారు. పదవి పోయిన బాధ ఆయనకుంది, అయినా నేర్పారు. ఆ భిన్నాల గుర్తులకూ, తూముకూ 2008లో కంప్యూటరు అక్షరాల పట్టిక యూనికోడ్‌లో చోటు దొరికింది. అప్పటికి ఆయన లేరు.

గుర్తులు సరే, అసలు చిక్కు తెచ్చింది ‘సదరు’. పుస్తకంలో పై వరుసలో రైతు పేరు, తండ్రి పేరు రాసి, కింది వరుసల్లో ‘సదరు’ అంటే చాలు. సిరా ఆదా, పొద్దు ఆదా. పుట కళ్ళెదుట ఉన్నంతకాలం అందులో తప్పేమీ లేదు. 2015లో ‘మీ భూమి’ వచ్చాక సర్వే నంబరు కొడితే ఒక్క వరుసే తెరమీద కనబడుతుంది. ఆ ‘సదరు’ ఎవరు?

ఒక ఊళ్ళో వితంతువు భూమి అలాగే పక్కరైతు పేరున ఎక్కింది. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు వరుసలు మారాయి. పైగా 4.05 ఎకరాలు 4.5 అయింది. సున్నా పోతే నలభై అయిదు సెంట్ల తేడా! ఆమె ట్రంకుపెట్టెలోని పాత శిస్తు రశీదులు, పాత అడంగల్ నకలు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. అప్పటికి నేను రిటైరయ్యాను. అర్జీ నేనే రాసి పెట్టాను. ప్రతి వరుసలోనూ పేరు, తండ్రి పేరు, ఊరు పూర్తిగా రాశాను. విస్తీర్ణం ‘4 ఎకరాల 05 సెంట్లు’ అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ వేశాను. ఎన్నో గళ్ళున్న పట్టిక అచ్చుతీస్తే కాగితం అంచున చివరి గడి తెగిపోతుందని, రిమార్కులు ముందే పెట్టాను. పెన్ను పట్టిన అబ్బాయి “తాతా, ఒకే పేరు ఇన్నిసార్లెందుకు?” అని నవ్వాడు.

ఏడు నెలలకు దిద్దారు. ఆమె కాగితాన్ని ట్రంకుపెట్టెలోనే దాచుకొంది, రశీదుల పైన.