చూరు – కపోతం

ఇంటికప్పు గోడను దాటి వచ్చి, క్రిందికి వాలి ముగిసే అంచును చూరు అంటాము. కావలి మొదలు పులికాట్ సరస్సు దాకా, సముద్రపుటొడ్డున తాటాకు ఇండ్లలో పెరిగినవారికి ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. వంగి లోపలికి పోవటమూ, ఏమరితే నుదురు తగిలించుకోవటమూ అందరికీ అనుభవమే. సముద్రపు గాలి కప్పు క్రిందికి దూరి లేపకుండా, వానకు మట్టిగోడ తడవకుండా చూరును అంత క్రిందికి దించేవారు. కొడవలి దోపటానికి చోటు అదే, పిచ్చుకల కోసం వరికంకుల కుచ్చు వ్రేలాడదీయటానికీ అదే.

ఈ మాట ఎక్కడిది? 2022 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండిన సూళ్ళూరుపేట వైపు తమిళం కూడా వినబడుతుంది. తమిళంలో ఇంటికప్పు 'కూరై'. కనుక చూరు దానినుండి వచ్చిందేమో అనిపించటం సహజం. తమిళపు 'కిళి' మనకు చిలుక, కన్నడపు 'కివి' మనకు చెవి అయినపుడు, కూరై చూరు కారాదా?

కారాదు. తెనుగున కకారము చకారమైనది ఇ, ఎ వంటి అచ్చుల ముందే. ఉ, ఊల ముందు అది నిలిచే ఉన్నది. అందుకే తమిళపు 'కూలి' మనకూ కూలియే, చూలి కాదు (చూలి అంటే అర్థమే వేరు!). పైగా చిలుకలోని చకారము తాలవ్యము, చూరులోనిది దంత్యము. 1852 నాటి బ్రౌను నిఘంటువు సైతం ఈ భేదాన్ని పాటించింది. చూరుకు నిజమైన తోబుట్టువు కన్నడపు 'సూరు'. అర్థమూ అదే. మన చావు అక్కడ 'సావు' అయినట్లే ఇదీను. కాబట్టి చూరు ఒకరి నుండి తెచ్చుకొన్న మాట కాదు, ద్రావిడ కుటుంబపు ఉమ్మడి ఆస్తిలో మన వాటా.

సంస్కృతంలో మాటలు లేకపోలేదు. అమరకోశపు పురవర్గంలో వలీకము, నీధ్రము, పటలప్రాంతము అని ఉన్నవి. వల్లెవేసిన మాబోటి పండితులకు తప్ప అవి ఎవరి ఇంటికీ రాలేదు. శిల్పుల మాట మాత్రం గుడిలో నిలిచింది. అది కపోతము. గోడపైన గుండ్రంగా వంగి ముందుకు వచ్చే రాతి అంచుకు ఆ పేరు. కపోతమంటే పావురము. ఆ వంపు పావురపు మెడను పోలుతుందని కొందరంటారు. నాకు మాత్రం అమరుడే దారి చూపినట్లు తోస్తుంది. ఆయన విటంకానికి 'కపోతపాలిక' అని పర్యాయపదం చెప్పాడు. పాలి అనగా అంచు, వరుస. పావురాలు వాలే అంచు కనుక కపోతమైనదనటం సబబు. మన చూరులో పిచ్చుకలు చేరలేదా?

ఆ రాతి వంపు మన పూరింటి చూరు వంపే. సందేహమున్నవారు మామల్లపురం వెళ్ళి ద్రౌపదీరథం చూడవచ్చు. ఏడవ శతాబ్దిలో పల్లవ శిల్పులు ఒకే రాతిలో పూరిగుడిసెను, వంగిన కప్పుతో సహా, తొలిచి నిలిపారు. గుడిసె ముందు, గుడి తరువాత.

1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను వంటి వాటికి తాటాకు ఇల్లు ఆగదు. కాంక్రీటు కప్పు వేసుకొన్నవారిని తప్పు పట్టలేము. అయితే ఆ కప్పుకు వాలు లేదు, వాలు లేనిచోట చూరూ లేదు. కిటికీ మీది పలకను సన్‌షేడ్ అంటున్నాము. 'చూరు పట్టుకొని వ్రేలాడటం' అనే జాతీయం వాడే పిల్లలకు ఆ పట్టుకొనేది ఏమిటో తెలియటం లేదు. వారిని గుడికి తీసుకువెళ్ళినపుడు ప్రదక్షిణలో ఒకమారు తల ఎత్తి చూపించండి. గోడపైన రాతి చూరు ఉంటుంది, దానిమీద తరచు పావురాలూ ఉంటాయి.