అన్నదమ్ముల వైరం – ప్రణయ స్థానం: పల్నాటి కథ, ఒక పాశ్చాత్య రొమాన్సు

పాశ్చాత్య చారిత్రక రొమాన్సులో అన్నదమ్ముల వైరానికి ప్రసిద్ధ ఉదాహరణ రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రచించిన ‘ది మాస్టర్ ఆఫ్ బాలంత్రే’ (1889). 1745 నాటి జాకొబైట్ తిరుగుబాటు వేళ స్కాట్లాండులోని ఒక ప్రభుకుటుంబం ఇరుపక్షాలలోనూ ఒక్కొక్క కుమారుని నిలుపదలచింది. నాణెం ఎగురవేయగా అన్న జేమ్స్ తిరుగుబాటుదారులతో వెళ్ళాడు. తమ్ముడు హెన్రీ ఇంట నిలిచాడు. జేమ్స్ మరణించాడని నమ్మి, అతనిని ప్రేమించిన ఆలిసన్ హెన్రీని పెండ్లాడింది. జేమ్స్ తిరిగి రావడంతో వారసత్వ వైరం, ప్రణయ వైరం ఒకటయ్యాయి.

తెలుగులో దీనికి సన్నిహితమైన వస్తువు పల్నాటి కథ. అనంతగిరి, కోదాడ ప్రాంతాలకు దక్షిణాన, కృష్ణకు ఆవలి ఒడ్డున జరిగిన 12వ శతాబ్ది ఘటనలకు అది కావ్యరూపం. సవతి సోదరులలో నలగామరాజు గురజాలను, మలిదేవరాజు మాచర్లను ఏలారు. కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం ఏడేండ్లు వలస పోయింది. గడువు తీరినా రాజ్యభాగం దక్కలేదు. అక్కడ నాణెం, ఇక్కడ కోడి. రెండూ వైరానికి మూలాలు కావు, పంపకపు తగవు బయటపడటానికి నెపాలు మాత్రమే.

సామ్యం ఇంతవరకే. పల్నాటి సోదరుల మధ్య ఏ స్త్రీ కోసమూ పోటీ లేదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణతో 1911లో అచ్చయిన ద్విపదలో ప్రణయం యుద్ధానికి కారణం కాదు, యుద్ధం పెట్టే పరీక్ష. మలిదేవుని రాయబారిగా వెళ్ళిన అలరాజు నలగామునికి స్వయానా అల్లుడు. అతడు కుట్రకు బలికాగా పేరిందేవి పుట్టింటి పక్షాన నిలువక భర్తను అనుగమించింది. శ్యామాంగి మోహంలో భార్యను మరచిన బాలచంద్రుడు రణానికి ముందు మాంచాల వద్దకు వస్తాడు. తొలిసారి దక్కిన భర్తను ఆమె నిలుపుకొనలేదు, సమరానికి సాగనంపింది. ఆలిసన్ వైరానికి కేంద్రం. ఈ ఇరువురు ఆ వైరపు మూల్యాన్ని చెల్లించినవారు.

కారెంపూడిలో ఏటా కార్తికాన జరిగే వీరారాధనలో ఐదు దినాలకు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. వీటిలో ఏదీ మాంచాల పేరునో, పేరిందేవి పేరునో వహించదు. ఉత్సవం వీరులను స్మరిస్తుంది; ఆ స్త్రీల త్యాగాన్ని నిలిపినది కథాగానం. కాబట్టి ఈ కృతిని వీరగాథగా మాత్రమే వర్గీకరించడం అసమగ్రం. సోదరవైరానికి నైతికమైన తూకం అందులోని ప్రణయ ఘట్టాలలోనే ఉంది.