సామాన్యుడి జాడ ఎక్కడ దొరుకుతుంది?

ఇంగ్లండు రాజుల పేర్లు, వారి పట్టాభిషేకాల తేదీలు మీరు చరిత్ర పుస్తకాల్లో చదివే ఉంటారు. మరి సుమారు 200 ఏళ్ల కిందట యార్క్‌షైరులో పొలం పని చేసి బతికిన ఒక కూలీ ఎవరో, ఏ ఊళ్లో పుట్టాడో ఇప్పుడు తెలుసుకోగలమా? చాలాసార్లు తెలుసుకోవచ్చు. అయితే నేటి నుంచి వెనక్కి, ఒక్కొక్క తరం చొప్పున నడవాలి.

ఇంగ్లండు, వేల్సులలో ప్రభుత్వం జనన, వివాహ, మరణాలను నమోదు చేయడం 1837 జూలై 1న మొదలైంది. జనాభా లెక్కలు 1801 నుంచే ఉన్నా, దేశమంతటా ప్రతి మనిషి పేరూ రాసుకున్నది 1841లోనే. అందులో ఒక తిరకాసు ఉంది. పదిహేనేళ్లు దాటినవారి వయసును కింది అయిదుకు తగ్గించి రాయమన్నారు. దాంతో 39 ఏళ్ల మనిషి 35 ఏళ్లవాడుగా కనిపిస్తాడు! 1851లో పుట్టిన ఊరు కూడా రాశారు. అది దొరికితే ఆ ఊరి చర్చి రిజిస్టరు చూడవచ్చు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ప్రతి చర్చిలోనూ రాసి ఉంచాలని 8వ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో ఆజ్ఞాపించాడు. తొలినాటి పుస్తకాలు చాలా పోయాయి. ఊళ్లో జాడ తెగిపోయిన యువకుడు ఒక్కోసారి సైనికుడిగా మద్రాసులో తేలుతాడు. కంపెనీ కాలంలో ఇక్కడి చర్చిల నమోదుల ప్రతులు లండనుకు వెళ్లేవి మరి!

ఈ రిజిస్టర్లలో సాధారణంగా ఉండేది పేరు, తేదీ, తండ్రి పేరు వంటి కొద్ది వివరాలే. విచిత్రమేమిటంటే, ఇంతకంటె పెద్ద కథ దొరికేది నిరుపేదల గురించే. 1662 నాటి చట్టం, దాని తర్వాతి సవరణల ప్రకారం పేదవాణ్ణి పోషించే బాధ్యత అతని సొంత చర్చి పరిధిలోని ఊరిది. కొత్తవాడు తమకు భారమవుతాడని తోస్తే అతణ్ణి మేజిస్ట్రేట్ల ముందు నిలబెట్టి, ప్రమాణం చేయించి అడిగేవారు. ఎక్కడ పుట్టావు? ఎవరి దగ్గర ఏడాది పాటు పని చేశావు? పెళ్లి ఎక్కడైంది? పిల్లలెందరు? జవాబులను గుమాస్తా రాసుకునేవాడు. చదువు రాని ఆ మనిషి కింద ఒక గుర్తు పెట్టేవాడు. తర్వాత భార్యాబిడ్డలతో సహా పంపేసేవారు. వెళ్లగొట్టడానికి రాసిన ఆ కాగితమే ఈనాడు అతని జీవితచరిత్ర!

ఇక ఇంటిపేరు సంగతి చూద్దాం. స్మిత్ అంటే కమ్మరి. జాన్సన్ అంటే జాన్ కొడుకు. కమ్మరి లేని ఊరుండదు కనుక ఇద్దరు స్మిత్‌లు చుట్టాలు కానక్కరలేదు. సైక్స్ అనే పేరు అంత సాధారణం కాదు. ఉత్తరాది మాటల్లో దానికి చిన్న వాగు అని అర్థం. ఆక్స్‌ఫర్డ్ జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న కొందరు పురుషుల వై క్రోమోజోములను పరీక్షించి, ఫలితాలను 2000లో ప్రకటించాడు. వై క్రోమోజోము కూడా ఇంటిపేరులాగే తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది కదా! వారిలో దాదాపు సగం మందిలో ఒకే నమూనా కనిపించింది. అంటే వారంతా బహుశా ఒకే మూలపురుషుడి సంతతి. మిగిలినవారి పూర్వీకుల్లో ఎక్కడో దత్తతో, తల్లి ఇంటిపేరు పెట్టుకోవడమో, మరొకటో జరిగి ఉండాలి.

కానీ లెక్క వేసి చూడండి. పది తరాల వెనక మీకు 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. ఇంటిపేరు చూపేది వాటిలో ఒక్కదాన్నే. 1837కు ముందు తరాల్లో తల్లుల వైపు వెళ్లాలంటే సాధారణంగా వారి పెళ్లినాటి నమోదు దొరకాలి. చర్చి రిజిస్టర్లలో పుట్టింటి పేరు ఆ తర్వాత సాధారణంగా కనబడదు.